మెటికతో ఒకటి కొట్టు

ముందే చెబుతున్నా, నాది చెవి పక్షం.
కందుకూరులో ఇరవైరెండేళ్లుగా
గొంతు పోయిన పెట్టెలన్నీ
నా బల్ల మీదే నోరు తెరిచి పడుకున్నాయి.
చిరిగిన కోనుకు కాగితం అతికిస్తా
వచ్చినోళ్లందరికీ ఒకటే పాఠం:
పెట్టెను చూసి స్పీకరు కొనేవాడు
గంపను చూసి చేపలు కొన్నోడు.

చీమకుర్తి నుంచి మాలకొండారెడ్డి ఫోను.
"కొత్తవి దిగినయబ్బా, వచ్చి తగిలించు."
రాయి అమ్మి పైకొచ్చిన మనిషికి
బరువంటే నమ్మకం.
మనిషెత్తున్నాయి రెండూ,
నల్లగా, నిగనిగా,
నా బట్టతల నాకే కనిపించేంతగా.
"ఒక్కోటి నలభై కేజీలు" అన్నాడు.
మెటికతో టక్కుమని కొట్టి
"చూడు, ఎట్టా పలకతా ఉందో."
పలికింది ఆయన మెటిక.

తీగలు కలిపి పాట పెట్టాను.
కింద గెలాక్సీ రాయి, గోడకు పాలరాయి,
కిటికీలకు నిలువెత్తు అద్దాలు.
కూర్చోడానికి ఎక్కడా చోటు దొరక్క
గొంతు ఇల్లంతా కొట్టుకుంది
బావిలో జారిన బొక్కెన మాదిరి.
"ఒక జంపఖానా పరిచి, ఒక తెర కట్టండి" అన్నాను.
"రాయి కనపడకుండానా?"
దేవుడి మొహాన గుడ్డ కప్పమన్నట్టు చూశాడు.
వారం తిరక్కుండా వాటి నెత్తిన
రెండు పూలకూజాలు ఎక్కాయంట.
ఈ కథ చెప్పి ఎందరిని నవ్వించానో.

మరి మా ఇంట్లోది?
మూతపడ్డ సినిమా హాల్లోంచి
తూకానికి తెచ్చిన పన్నెండంగుళాల స్పీకరు,
ఉలవపాడు మామిడిపళ్ల చెక్కపెట్టెలో.
చుట్టాలొస్తే మా వెంగమాంబ
పాత దుప్పటి కప్పేసి
"బియ్యం మూట" అనేది.
కప్పుకోనీ, లోపల గొంతు బంగారం అనేవాణ్ణి.
ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలా.
మద్దెల గట్టిగా మోగిన చోటల్లా
ఒక పలక జిర్రుమనేది.
పైన ఇటుకరాయి పెట్టాను.
అడిగినోళ్లకు, అది డిజైను అన్నాను.

కాలేషా వచ్చింది ఆ ఎండాకాలమే.
ఉదయగిరి మనిషి. సంచి నిండా కొయ్య గరిటెలు.
రంపం మిషను కాడ
రెండు చెవులూ ఎప్పుడో పోగొట్టుకున్నాడు.
తనకు వినపడదు గదా,
ఏది చెప్పినా అరిచే చెబుతాడు.
మంచినీళ్లు తాగుతా ఊరికే
నా పెట్టె మీద చెయ్యేశాడు.
చెంబు కింద పెట్టాడు. ఇటుక తీశాడు.
అరచెయ్యి పూర్తిగా ఆనించి
"దీనికి జొరం!" అన్నాడు, బజారంతా వినేట్టు.
ఇరవైరెండేళ్ల చెవి నాది.
యాడ దాచుకోవాలో తెలియలా.

నాలుగు నెలలు పట్టింది.
మేకు లేదు. పలకలో పలక
వేళ్లలో వేళ్లు పెనవేసినట్టు.
తట్టి, తాకి, గడ్డం ఆనించి,
మళ్లీ చిత్రిక పట్టి,
వణుకు తగిలిన చోట లోపల ఒక బద్ద.
పాట ఏందని అడగలా.
దాంతో ఆయనకు పని లేదు.
"జొరం దిగింది" అన్న రోజు
పాత నాదస్వర కచేరీ ఒకటి పెట్టాను.
ఊదబోయే ముందు, ఆ మనిషి
ఊపిరి తీసుకున్నాడు.
ఎన్నేళ్లుగా వింటున్నానో దాన్ని,
ఆయన ఊపిరి తీసుకుంటాడని నాకు తెలియదు.

ఇక అసలు సంగతి.
షాపు కట్టేసి వచ్చాక
పాట పెట్టకుండానే కూర్చుంటున్నాను.
ఏరు ఎండినాక ఇసకలో మిగిలిన గీతల్లా
కొయ్యలో చారలు.
అంచు వెంట వేలు పోనిస్తా ఉంటే
అన్నం చల్లారిపోతుంది.
దుప్పటిని వెంగమాంబ మసిగుడ్డలు చేసింది.
పెట్టెను తను రోజుకు రెండుసార్లు తుడుస్తుంది,
చూడకుండా నేను ఇంకోసారి.

మొన్న మాలకొండారెడ్డి
పెళ్లిపత్రిక ఇవ్వడానికి వచ్చాడు.
"మీ ఇంట్లో పాట వేరుగా ఉంటదంట గదా,
ఏదన్నా వెయ్యబ్బా, విందాం."
కుర్చీలో వెనక్కి వాలి
కళ్లు మూసుకున్నాడు.
ఆ మనిషి కళ్లు మూయడం నేను చూడలేదెప్పుడూ.

లేచి వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.
"వేస్తాలే సామీ, తొందరేముంది,
ముందు ఇట్రా.
ఇక్కడ, ఈ అంచు మీద,
మెటికతో ఒకటి కొట్టు."